పొగ రాని పొయ్యి

నేను పనిచేసిన ల్యాబులో ఒక పెద్ద ఫ్రీజరు ఉండేది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. విరుదునగర్ ఎండకి మేమందరం చెమటలు కక్కుతుంటే అది మాత్రం మూలన మంచు కట్టుకుని హాయిగా గురక పెట్టేది. కరెంటు పోతే మా డాక్టరుగారు మొదట అడిగేది దాని క్షేమమే. పరీక్ష అయ్యాక మిగిలిన సీరాన్ని, అంటే రక్తం పైన తేలే పసుపుపచ్చ నీటిని, చిన్న గొట్టాల్లో పోసి పేరు అంటించి అందులో దాచాలని ఆయన ఆర్డరు. జాగా లేదు సార్, పాతవి పారేద్దాం అని నేను. పారేస్తే వాటితో పాటు నిన్నూ పారేస్తాను అని ఆయన. ఏళ్ళ తరబడి ఇదే మా తగువు.

ఆ ఫ్రీజరుకి నేను మనసులో దండం పెట్టుకున్న రోజు ఒకటుంది. దాని సంగతి చెబుతాను. రిటైరై కోవిల్పట్టిలో కూర్చున్నాను కాబట్టి తీరికకి కొదవలేదు. తెలుగు మా ఇంటి భాషే అయినా రాత మాత్రం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, కాబట్టి ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు మీరు. మిషన్లు మాకంటే బాగా తిప్పుతారు. అందుకని మిషన్ల గురించి తక్కువ చెబుతాను. ఆస్పత్రి పేరు, మనుషుల పేర్లు అసలే చెప్పను.

మా డాక్టరుగారిది తిరునెల్వేలి వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు, మాతో అంతా తమిళమే. కాలేయం జబ్బులంటే ఆయనకి ప్రాణం, కోపమా, ముక్కు మీదే. మందుల కిటికీ దగ్గర కూర్చునే ఫార్మసిస్టు ఇంకో రకం. పాత షీటు ఖాళీగా తెచ్చి చూపిస్తే తప్ప కొత్త మాత్రల షీటు ఇవ్వడు. తెచ్చినదాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, ఎక్కడైనా ఒక మాత్ర మిగిలిపోయిందా అని ఒక కన్ను మూసి చూసేవాడు. ఉచితంగా ఇచ్చే మందు వృథా పోకూడదని అతని పట్టుదల. మేం వెనక నవ్వుకున్నా, ఆ పట్టుదల మంచిదే.

ఇక జబ్బు సంగతి. హెపటైటిస్ బి అనే వైరస్ చాలామందికి పుట్టినప్పుడే తల్లి నుంచి వస్తుంది. పసితనంలో వచ్చినది అంత తేలిగ్గా పోదు, కాలేయంలో కాపురం పెట్టేస్తుంది. కొందరిలో ఏమీ చేయకుండా పడి ఉంటుంది. కొందరిలో కాలేయాన్ని లోలోపల గట్టిపడేట్టు చేసి, చివరికి కేన్సర్ దాకా తీసుకుపోతుంది. ఏది ఎవరిలో ఎలా ఉందో తెలుసుకోవడానికి మా మొదటి గుర్తు రక్తంలో దొరికే ఈ-యాంటిజెన్ అనే పదార్థం. డాక్టరుగారు కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు దాన్ని పొగ అనేవారు. పొయ్యి మండుతోందా ఆరిందా అని బయటి నుంచి పొగ చూసి చెబుతాం కదా, అలాగ. ఆ పదార్థం ఉంటే వైరస్ మండుతున్నట్టు, లేకపోతే చల్లారినట్టు.

చాలామందిలో అది నిజమే. కానీ వైరస్ తన జన్యువు రాతలో ఒకే ఒక్క అక్షరం మార్చుకుందంటే ఆ పదార్థం తయారవడం ఆగిపోతుంది, వైరస్ పుట్టడం మాత్రం ఆగదు. పొగ ఉండదు, మంట ఉంటుంది. ఇది డాక్టరుగారికీ తెలుసు, నాకూ తెలుసు. రక్తంలో వైరస్ ఎంత ఉందో నేరుగా కొలిచే వైరల్ లోడ్ పరీక్ష చేస్తే అనుమానమే ఉండదు. ఆ కిట్లు మాకు కరువు. పొగ ఉన్నవాళ్ళకి, కాలేయం దెబ్బని చూపించే ఎస్‌జీపీటీ పెరిగినవాళ్ళకి ముందు చేసేవాళ్ళం. తక్కినవాళ్ళని మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమనేవాళ్ళం. వంట్లో బాగున్నప్పుడు ఆస్పత్రికి రమ్మంటే ఎంతమంది వస్తారో మీకూ తెలుసు.

ఆ తల్లి తన పెద్దకొడుకుని తీసుకుని మొదటిసారి వచ్చినప్పుడు అతని కళ్ళు పచ్చగా ఉన్నాయి. నేను రక్తం తీస్తుంటే ఆమె పక్కన నిలబడి తనలో తను తెలుగులో గొణుక్కుంటోంది. ఏ ఊరక్కా అని తెలుగులోనే అడిగాను.

“అయ్యో, మనోళ్ళా! పొద్దన్నించి అరవం మాట్లాడి నోరు నొచ్చిపొయ్యింది చెల్లీ,” అని నా చెయ్యి పట్టుకుంది, సూది గుచ్చే చెయ్యి అని కూడా చూడకుండా.

సాత్తూరు దాటాక కోవిల్పట్టి రోడ్డుకి లోపలగా ఉండే నల్లరేగడి ఊరు వాళ్ళది. భర్త పోయాడు. పెద్దోడు సేద్యం చూసుకుంటాడు. చిన్నోడు విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోడౌనులో బస్తాలు తూకం వేస్తాడు. భూమి పంచుకోలేదు, పొయ్యి వేరు చేయలేదు. మేం ఇంట్లో వాళ్ళందరినీ పరీక్షకి తెమ్మంటే మరుసటి వారం బస్సు నిండా తెచ్చింది. కోడళ్ళకీ పిల్లలకీ ఏమీ లేదు, టీకాలు వేసి పంపాం. చిన్నోడికి మాత్రం వైరస్ ఉంది. తనకి పరీక్ష వద్దే వద్దంది ఆమె.

“నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండాను. నా నెత్తురు మీకేమిటికి?”

ఫలితాలు వచ్చిన రోజు ఇద్దరు కొడుకులూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె నడుం సంచీలోంచి ఒక కడలమిఠాయి బిళ్ళ తీసింది. వేరుశెనగ, బెల్లంపాకం, మా కోవిల్పట్టి సరుకు. రెండు చేతులా పట్టుకుని ఫెళ్ళున విరిచింది. ఒక ముక్క కాస్త పెద్దదైంది. పెద్దగా ఉన్న వైపు తనే కొరికి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి, సమం అయ్యాక చెరొకటి ఇచ్చింది. మీసాలు నెరుస్తున్న ఇద్దరూ బుద్ధిగా చెయ్యి చాపి తీసుకున్నారు. ఆ కొరికిన నలుసే ఆమె వంతు. నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది.

పెద్దోడికి పొగా ఉంది, మంటా ఉంది. రోజుకొకటి చొప్పున మాత్ర మొదలుపెట్టారు డాక్టరుగారు. చిన్నోడికి పొగ లేదు, ఆ రోజు ఎస్‌జీపీటీ కూడా మామూలుగానే ఉంది. నీది పడుకుని ఉంది, మూడు నెలలకి రా అని పంపేశారు. అతను రాలేదు.

సంవత్సరం గడిచింది. పెద్దోడి కళ్ళలో పచ్చదనం పోయింది, వైరస్ లెక్క కూడా తగ్గింది. తగ్గింది కానీ పోలేదు. ఎప్పుడు చూసినా కొంత మిగిలే ఉంటోంది. ఆ మాత్ర సరిగ్గా వేసుకుంటే ఆ పాటికి కనపడకుండా పోవాలి. డాక్టరుగారు వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “రోజూ మింగుతున్నాడా?” అతను తల వంచుకునేవాడు. తల్లి జవాబు చెప్పేది, తమిళంలో, గట్టిగా: “మా ఇంట్లో మాత్ర తప్పిన దినమే లేదు సామీ.” ఫార్మసిస్టు కూడా సాక్ష్యం పలికేవాడు. షీట్లు ఖాళీ, ఒక్కటంటే ఒక్క మాత్ర మిగలదు అని.

అప్పుడు పుట్టింది డాక్టరుగారికి ఆ ఆలోచన. పెద్దోడు మా దగ్గరికి రాకముందు ఎక్కడో పాత రకం మాత్ర కొన్నేళ్ళు మింగుతూ మానుతూ గడిపాడు. ఆ పాత మందు దెబ్బకి వైరస్ రూపు మార్చుకోవడం మామూలే. ఇప్పుడు మా మాత్రకి కూడా లొంగకుండా మారిందేమో! అలాంటి వైరస్ బహు అరుదు. దొరికితే పెద్ద పెద్ద సభల్లో బొమ్మలు వేసి చూపించవచ్చు. ఆయన కళ్ళల్లో ఆ వెలుగు చూసి, “సార్, కోటు కుట్టించుకోండి,” అన్నాను. కోపం కూడా రాలేదు ఆయనకి. నమూనా చెన్నైకి పంపించారు, జన్యు పరీక్ష కోసం.

చెన్నై జవాబు వచ్చింది. మా మాత్రని తట్టుకునే మార్పు ఏదీ లేదు. వైరస్ లొంగాలి, అంతే. డాక్టరుగారు ముందు చెన్నైని తిట్టారు, తర్వాత కిట్టుని, ఆ తర్వాత నన్ను. నేనూ ఊరుకునే రకం కాదు. వారం రోజులు మా ఇద్దరి మధ్య మాటలు ఫైళ్ళ మీదే నడిచాయి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే మాత్రల కోసం వచ్చింది. ఫార్మసిస్టు భోజనానికి పోయాడు. నేను ల్యాబు బయట గదిలో డబ్బా విప్పుకుని కూర్చున్నాను. వచ్చి పక్కన కూలబడి, సంచీలోంచి కడలమిఠాయి తీసి విరిచింది. పెద్ద వైపు కొరికి సమం చేసి సగం నా మూతలో పెట్టింది.

“పెద్ద పెద్ద కొడుకులకి కూడా ఇంకా ఇట్లాగే పంచుతావా అక్కా?” అని ఆటపట్టించాను.

“అన్నీ ఇట్లే చెల్లీ. నేను ఉండేవరకు మా ఇంట్లో ఎవరి పంగు వాళ్ళకి తప్పదు. మొగుడు పొయ్యేప్పుడు అదే మాట తీసుకొనిపొయ్యినాడు, పిలకాయల్ని సరిపాతిగా, ఇద్దర్నీ సమంగా చూడమని. పులుసైనా, పుట్టమైనా. ఈ మాత్ర కూడా అంతే.”

చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేశాను. “మాత్ర కూడానా?”

“ఒగ దినం పెద్దోడికి, ఒగ దినం చిన్నోడికి. ఇద్దరికీ ఒగే పురుగంటిరే. ఒగడికి పెట్టి ఒగడి నోరు కట్టేదెట్లా? చిన్నోడు వద్దనే అన్నాడు. పెద్దోడు ఒప్పుకోలా. తమ్ముడు మింగకపోతే నేనూ మింగను అనేసినాడు.”

“మరి డాక్టరు అడిగితే?”

“మా ఇంట్లో మాత్ర తప్పిన దినం లేదని చెప్పినా కదా. దాంట్లో అబద్దం ఏముండాది?”

చేయి కడుక్కోకుండానే ఆమెని డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన విన్నారు. తర్వాత అరిచిన అరుపులకి వరండాలో రోగులు లేచి నిలబడ్డారు. పెద్దకొడుకు కాలేయాన్ని నీ చేతులారా పాడు చేశావన్నారు. సగం మందు వేస్తే వైరస్ చావదు, ఇంకా తెలివిమీరుతుందన్నారు. ఇకనుంచి ఒక్క మాత్ర కూడా చిన్నోడి నోట్లో పడకూడదన్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సరే సామీ, సరే సామీ అంటూ వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆమె మీదే వచ్చింది.

ఫార్మసిస్టుకి ఈ సంగతి చెబితే మొహం వాడిపోయింది. “షీటు ఖాళీ అయిందా అని చూశాను గానీ, ఏ నోట్లోకి పోయిందని చూడలేదు కదమ్మా,” అన్నాడు.

సాయంత్రం కాకముందే టీ తెచ్చి ఇస్తే డాక్టరుగారు గ్లాసు పక్కన పెట్టి చిన్నోడి ఫైలు తీశారు.

“చిన్నోడు ఏడాదిగా సగం మందు మీద ఉన్నాడమ్మా. ఇప్పుడు ఒక్కసారిగా ఆపమన్నాను.”

“వాడిది చల్లారిన వైరస్ కదా సార్. ఆపితే ఏమవుతుంది?”

“చల్లారిందని ఎవరన్నారు? పొగ లేదన్నాం. అంతే కదా మనం అన్నది.”

ఆయన అన్నదేమిటో అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. లోపల నిజంగా మంట ఉంటే, ఆ సగం మందే దాన్ని అణిచిపెట్టి ఉంటుంది. అది ఉన్నట్టుండి తీసేస్తే వైరస్ ఒక్క పెట్టున లేస్తుంది. కాలేయం అప్పటికే గట్టిపడి ఉంటే ఆ దెబ్బకి మనిషే పోవచ్చు. ఇప్పటి రక్తం చూసి లాభం లేదు, మందు కలిసిపోయింది. మందు మొదలుకాకముందు తీసిన రక్తం కావాలి.

ఇద్దరం ఒకేసారి మూలనున్న ఫ్రీజరు వంక చూశాం.

వేళ్ళు కొంకర్లు పోయేదాకా వెతికాను. ఆ గొట్టం దొరికింది. నా చేతిరాతే, నేను తిట్టుకుంటూ దాచిందే. కిట్టు తెరిచి మిషన్లో పెట్టాను. చల్లారిన వైరస్ అయితే తెర మీద గీత చాలాసేపు నేల మీదే పాకాలి. ఇది సగం దారి కూడా రాకముందే నిక్కి పైకి లేచింది. పెద్దోడి మొదటి లెక్కకి ఏమాత్రం తీసిపోని లెక్క. మేం మామూలు అని పంపించేసిన రోజున ఆ మనిషి ఒంట్లో ఉన్న వైరస్ అది. డాక్టరుగారు వెంటనే ఫోను అందుకున్నారు.

పెద్దోడి ఫోను అందడం లేదు. చిన్నోడు గోడౌను నుంచి అప్పటికే బయలుదేరాడన్నారు. “నువ్వు ఇంటికి పోయేది ఆ దారేగా, ఎక్కు,” అని కారు తాళాలు తీశారు ఆయన. బయలుదేరే ముందు మందుల కిటికీ దగ్గర ఆగి చిన్నోడి పేరు మీద చీటీ రాసి ఇచ్చారు. ఖాళీ షీటు ఏదీ అని అడగకుండా ఫార్మసిస్టు కొత్త షీటు ఇచ్చింది నా సర్వీసులో ఆ ఒక్కసారే.

మేం పోయేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఆమె వాకిట్లో చాటతో మినుములు చెరుగుతోంది. కొడుకులిద్దరూ అరుగు మీద ఉన్నారు గానీ, చెరో చివర కూర్చున్నారు. కారు చూడగానే ఆమె చాట వదిలేసి లేచింది.

డాక్టరుగారు సంగతంతా తమిళంలో చెప్పి, షీటులోంచి ఒక మాత్ర తీసి చిన్నోడి ముందు పెట్టారు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“వద్దు సార్. అన్న పంగు నేను తినేసినందుకే అన్న కార్జం చెడింది అంటిరంట. అమ్మ చెప్పింది. నేనింక ముట్టను.”

“ఇది మీ అన్నది కాదయ్యా. నీదే. నీ పేరు మీద తెచ్చింది.”

“నాకు జబ్బు లేదని మీరే అంటిరి. ఇప్పుడు ఉందంటారు. నన్ను సమాధానపరిచేదానికి చెప్తుండారు మీరు.”

డాక్టరుగారు నా వైపు తిరిగారు. రెండు మాటలూ ఆయనవే. నేను తెలుగులో అందుకున్నాను. పొగ సంగతి, మంట సంగతి, ఫ్రీజరులో గొట్టం సంగతి అన్నీ చెప్పాను. అతను మొండిగా నేల చూపు చూస్తూ కూర్చున్నాడు. ఏడాది పాటు అన్న ప్రాణం కొరుక్కుతిన్నానని ఆ ఒక్క పూటలో నమ్మేసిన మనిషి. వాడిని చూస్తే నాకు భయం వేసింది. ఈ మాత్ర మింగకపోతే ఏమవుతుందో ఆ వాకిట్లో నాకూ డాక్టరుగారికీ మాత్రమే బాగా తెలుసు.

అరుగు ఆ చివర నుంచి పెద్దోడు లేచి వచ్చాడు. డాక్టరుగారి చేతిలోంచి మాత్ర తీసుకుని తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నోరు తెరువురా.”

చిన్నోడు తెరవలేదు.

“నువ్వు మింగకపోతే నేనూ మింగను. అప్పుడు చెప్పినా, ఇప్పుడూ అదే. తెరువు.”

తెరిచాడు. అన్న నాలుక మీద మాత్ర పెట్టి చెంబు అందించాడు. తల్లి ఇదంతా చూస్తూ నిలబడి, మాత్ర గొంతు దిగాక డాక్టరుగారి వైపు తిరిగింది.

“చెరొగటా సామీ?”

“చెరొకటి.”

“దినమూనా?”

“రోజూ.”

“ఈ మాట ముందే అని ఉంటే నేనేమిటికి పంచుతాను?” అంది. డాక్టరుగారు తలూపి చెప్పులేసుకున్నారు.

తర్వాత మదురైలో స్కాన్ తీయిస్తే, చిన్నోడి కాలేయం వాళ్ళ అన్న కాలేయం కంటే ఎక్కువ గట్టిపడి ఉంది. పైకి ఏమీ తెలియనివ్వకుండా ఎన్నేళ్ళ నుంచో లోపల మంట నడిచింది. ఏడాదిగా తల్లి పెట్టిన సగం మాత్రే దాన్ని ఎంతో కొంత ఆపి ఉండవచ్చని డాక్టరుగారు అన్నారు. అని, వెంటనే, “ఈ మాట బయట అనకు. మాత్రలు పంచుకోవడం ఊరంతా మొదలుపెడతారు,” అన్నారు. ఆయనకి సభలో చెప్పుకోవడానికి అరుదైన వైరస్ దొరకలేదు. పొగ లేనివాళ్ళకి కూడా ఒకసారి వైరల్ లోడ్ చూడాల్సిందేనని పైవాళ్ళతో పోట్లాడి కిట్లు మాత్రం తెచ్చారు. ఫ్రీజరు గురించి నేను మళ్ళీ నోరెత్తలేదు.

ఇద్దరి వైరస్‌లనీ చెన్నైకి పంపి చూశాం. ఒకే కుదురువి. చిన్నోడి దాంట్లో ఆ ఒక్క అక్షరం మారి ఉంది. ఈసారి తల్లి రక్తం కూడా ఇచ్చింది. ఆమెకీ వైరస్ ఉంది, నిజంగానే పడుకుని ఉంది, మందు అక్కర్లేదు. ఆ మాట చెప్పినప్పుడు డాక్టరుగారు పక్కనే ఉన్నారు. ఆయనకి అర్థం కాకూడదని తెలుగులో అడిగింది నన్ను.

“అయితే నా కడుపులోనించే పొయ్యిందా చెల్లీ?”

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. ఆ మొహం చూసి ఆడలేకపోయాను. “అవునక్కా. నీకు తెలిసి ఇచ్చింది కాదు.”

ఆమె తన అరచేతులు చూసుకుంది. “ఇద్దరికీ సరిపాతిగానే ఇచ్చినానా?”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. “సరిపాతిగానే ఇచ్చినావక్కా. లోపలికి పొయ్యినాక ఒగొగడి దగ్గర ఒగో దారి పట్టింది.”

“సమంగా ఇచ్చినా సమంగా నిలవదంటావు,” అంది. నేను అనలేదు, ఆమే అంది.

నేను రిటైరయ్యే నెలలో ముగ్గురూ వచ్చారు. పెద్దోడి రక్తంలో వైరస్ కనపడక చాలా కాలమైంది. చిన్నోడిదీ అణిగింది. కానీ గట్టిపడిన కాలేయం కదా, ఆరు నెలలకోసారి స్కాన్ తప్పదు, ఎప్పటికీ తప్పదు. ఆ రోజూ స్కాన్ బాగానే వచ్చింది. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు ఇద్దరూ, మీసాలు ఇప్పుడు పూర్తిగా తెల్లబడ్డాయి. ఆమె సంచీలోంచి కడలమిఠాయి తీసి విరిచింది. ఒక ముక్క పెద్దదైంది. అలవాటుగా నోటి దాకా తీసుకుపోయింది.

కొరకలేదు. చెయ్యి దించి, పెద్ద ముక్క చిన్నోడికి ఇచ్చింది. చిన్నది పెద్దోడికి ఇచ్చింది.

“ఏమ్మా, సమం చేయలా?” అన్నాడు పెద్దోడు.

“చేయలేదులే.”

చిన్నోడు ఆ ముక్క చేతిలో పెట్టుకుని అన్న మొహం చూస్తున్నాడు. తినడు, వెనక్కి ఇవ్వడు. పెద్దోడు తన ముక్క గుటుక్కున నోట్లో వేసుకుని నమిలాడు. నములుతూనే తమ్ముడి మోచేతిని పొడిచాడు.

“నోరు తెరువురా,” అన్నాడు.